మౌరిటానియాలో రెండో రౌండు ఎందుకు రాదు?

గట్టు_సూరి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాలి, నైజర్, బుర్కినా ఫాసోల్లో వరసగా సైన్యం గద్దెనెక్కినప్పుడు ఇక్కడ నాలుగు రోజులు బాగానే వాదించుకున్నాం. తర్వాత అందరం మరిచిపోయాం. వాటి పక్కనే ఉన్న మౌరిటానియా సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాకు ఆ దేశం మీద ఆసక్తి ఒక చిన్న లెక్క దగ్గర మొదలైంది.

అక్కడ అధ్యక్షుడు కావాలంటే పోలైన ఓట్లలో సగం దాటాలి. దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో రౌండు. 2009లో జనరల్ మొహమ్మద్ ఉల్ద్ అబ్దుల్ అజీజ్‌కి వచ్చింది 52.58 శాతం. 2019లో ఆయన దోస్తు, ఇంకో జనరల్ మొహమ్మద్ ఉల్ద్ గజ్వానీకి వచ్చింది 52 శాతం. రెండుసార్లూ గీత దాటడానికి ఎంత కావాలో అంతే. 2024లో గజ్వానీకే 56.12. ఇన్నేళ్ళలో రెండో రౌండు దాకా వెళ్ళిన అధ్యక్ష ఎన్నిక ఒక్కటే, 2007ది.

ఇది రిగ్గింగ్ అనాలా, ప్రతిపక్షం చేతకానితనం అనాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లేరు

మారిషస్‌లో సైన్యం ఏంటి సామీ? మా చిన్నాన్న కూతురు హనీమూన్‌కి అక్కడికే వెళ్ళొచ్చింది.

గట్టు_సూరి

నల్లేరు గారూ, అది హిందూ మహాసముద్రంలో దీవి. ఇది మౌరిటానియా. ఆఫ్రికాకి ఆ చివర, ఒకపక్క అట్లాంటిక్, మిగతాదంతా సహారా. పది లక్షల చదరపు కిలోమీటర్లు దాటిన దేశం. మన రెండు రాష్ట్రాలు కలిపి పడేసినా అందులో నాలుగో వంతుకి కాస్త ఎక్కువ అవుతుందంతే. జనం మాత్రం ఒక్క హైదరాబాద్‌లో ఉన్నంతమంది కూడా లేరు.

నల్లేరు

ఓహో. సరే, ఒక మూల కూర్చుని చదువుతాను. కొనసాగించండి.

పాతపేపర్ల_మూర్తి

సూరి గారూ, 52 శాతం దగ్గర మొదలుపెడితే కథ సగంలో పట్టుకున్నట్టు అవుతుంది. కాస్త వెనక్కి వెళ్దాం.

1960 నవంబర్ 28న ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం. మొదటి అధ్యక్షుడు మొఖ్తార్ ఉల్ద్ దద్దా. రాజధాని నువాక్షోత్‌ని దాదాపు ఇసుకలోంచి కొత్తగా లేపారు. కొన్నాళ్ళకే ఒకే పార్టీ పాలన అయింది. 1975లో స్పెయిన్ వదిలేసిన పశ్చిమ సహారాలో వాటా కోసం వెళ్ళి ఆ ప్రాంత స్వాతంత్ర్యం కోసం పోరాడే పొలిసారియో గెరిల్లాలతో యుద్ధం నెత్తిన వేసుకున్నారు. ఆ గెరిల్లాలు 1976లో ఏకంగా నువాక్షోత్ దాకా వచ్చి దాడి చేశారు. దేశానికి కూడు పెట్టే ఇనుప గనుల మీద, రైలు మార్గం మీద పడ్డారు. ఖజానా ఖాళీ, సైన్యం విసిగిపోయింది. 1978 జూలై 10న మొఖ్తార్‌ని దించేశారు.

అక్కడి నుంచి కుర్చీలాట. 1979లో ఒకసారి, 1980లో ఇంకోసారి సైనికాధికారులే ఒకరినొకరు పక్కకి నెట్టుకున్నారు. 1980లో పగ్గాలు పట్టిన హైదల్లాను 1984 డిసెంబర్‌లో, ఆయన శిఖరాగ్ర సమావేశానికి బురుండీ వెళ్ళినప్పుడు, మావియా ఉల్ద్ తాయా దించాడు. తాయా ఇరవై ఏళ్ళు ఏలాడు. 2005 ఆగస్టు 3న, సౌదీ రాజు ఫహద్ అంత్యక్రియలకి వెళ్ళినప్పుడు, ఆయన కింద కుర్చీ కూడా లాగేశారు. ఆ దేశంలో అధ్యక్షుడు విమానం ఎక్కడమంటే ఇల్లు తాళం వెయ్యకుండా ఊరెళ్ళడమే.

ఇప్పుడు అసలు సంగతి. 2005లో తాయాని దించినప్పుడు అధ్యక్ష భద్రతా దళానికి నాయకుడు ఎవరు? కర్నల్ అబ్దుల్ అజీజ్. 2008 ఆగస్టు 6న మరో అధ్యక్షుణ్ణి పట్టుకెళ్ళింది ఎవరు? అదే దళం, అదే అజీజ్, కాకపోతే అప్పటికి జనరల్ అయ్యాడు. సూరి గారు చెప్పిన 2009 ఎన్నికలో 52.58 తెచ్చుకున్నది కూడా ఆయనే.

మిర్చిబజ్జీ

మూర్తి గారూ అన్నీ కలిపి ఒకే గాటన కట్టేస్తున్నారు. 2005ది వేరు. జనం రోడ్ల మీదకొచ్చి పండగ చేసుకున్నారు. తాయా 1997లో తొంభై శాతం ఓట్లు "గెలిచిన" మనిషి. అలాంటివాణ్ణి ఓటుతో దించడం కలలో మాట. దించిన ఎలీ ఉల్ద్ మొహమ్మద్ వాల్ ఏం చేశాడు? రెఫరెండం పెట్టి అధ్యక్షుడికి ఐదేళ్ళ చొప్పున రెండు పదవీకాలాలే అని రాజ్యాంగంలో రాయించాడు. తనూ, తన సైనిక కౌన్సిల్ సభ్యులూ పోటీ చెయ్యబోమన్నాడు, చెయ్యలేదు. 2007 ఏప్రిల్‌లో ఎన్నికైన అధ్యక్షుడికి తాళాలు ఇచ్చి ఇంటికెళ్ళాడు. మీరు మెచ్చుకునే ఆ రెండో రౌండు కూడా సైనిక తిరుగుబాటు పుణ్యమే. కాదనగలరా?

పాతపేపర్ల_మూర్తి

కాదనను. కానీ ఆ తాళాలకి నకలు చేయించుకుని ఇచ్చారు. పదహారు నెలల్లో మళ్ళీ తలుపు తీసుకుని లోపలికొచ్చేశారు కదా.

మిర్చిబజ్జీ

హహ. ఈసారికి మీదే పైచెయ్యి.

జొన్నరొట్టె

2007 గురించి కొంచెం వివరంగా చెప్తారా ఎవరైనా? ఎవరు ఎవరి మీద పోటీ? నాకు ఈ ఉల్ద్‌ల మధ్య తల తిరుగుతోంది.

గట్టు_సూరి

రొట్టె గారూ, ఉల్ద్ అంటే అక్కడి అరబ్బీలో కొడుకు. ఆడవాళ్ళకైతే మింత్, అంటే కూతురు. ఇంటిపేరు కాదు, ఫలానావారి అబ్బాయి అన్నట్టు. అందుకే అందరి పేర్లూ ఒక్కలాగే వినిపిస్తాయి. అలవాటైతే పర్లేదు.

2007 మార్చి 11న మొదటి రౌండు. సిదీ ఉల్ద్ షేక్ అబ్దుల్లాహికి దాదాపు 25 శాతం. ఆయన మొఖ్తార్ కాలంలో మంత్రి, తర్వాత చాలాకాలం విదేశాల్లో ఉన్న పెద్దమనిషి. రెండోస్థానం అహ్మద్ ఉల్ద్ దద్దాకి, దాదాపు 21. ఈయన మొదటి అధ్యక్షుడికి సవతి తమ్ముడు, 1992 నుంచీ ప్రతిపక్షానికి పెద్ద దిక్కు. మూడోస్థానం కేంద్ర బ్యాంకు మాజీ గవర్నర్ జైన్ ఉల్ద్ జైదాన్‌ది, 15. నాలుగు మెసూద్ ఉల్ద్ బుల్ఖైర్, పదికి కాస్త తక్కువ.

రెండో రౌండులో జైన్, మెసూద్ ఇద్దరూ సిదీ వైపు వెళ్ళారు. సిదీ 53 శాతం దగ్గర గెలిచాడు. దద్దాకి 47. జైన్ ప్రధాని అయ్యాడు, మెసూద్ జాతీయ అసెంబ్లీ స్పీకర్ అయ్యాడు. ఓడిన దద్దా ఫలితాన్ని ఒప్పుకున్నాడు.

జొన్నరొట్టె

థాంక్స్ అండీ. మెసూద్ అంటే బానిస కుటుంబంలో పుట్టినాయన కదా? ఆయన గురించి ఎక్కడో చదివాను.

పాతపేపర్ల_మూర్తి

అవునమ్మా. హరాతీన్ వర్గం. తరతరాలుగా బైదాన్ అనే అరబ్-బెర్బర్ పైవర్గాల కింద బానిసలుగా బతికిన నల్లవారి సంతతి. వాళ్ళూ ఆ అరబ్బీయే మాట్లాడతారు, అదే మతం. జనాభాలో పెద్ద భాగం వాళ్ళదే. మౌరిటానియా బానిసత్వాన్ని 1981లో రద్దు చేసింది, అంత ఆలస్యంగా చేసిన దేశం ఇంకోటి లేదు. దాన్ని నేరం అని చట్టం రాసింది 2007లో, సిదీ వచ్చాక. అలాంటి చోట ఒక హరాతీన్ స్పీకర్ కుర్చీలో కూర్చోవడం చిన్న విషయం కాదు. 2002లో తాయా ఈ మెసూద్ పార్టీనే నిషేధించాడు.

ఇంకో గాయం కూడా ఉంది. సెనెగల్ నది ఒడ్డున ఉండే హల్‌పులార్, సోనింకే, వొలోఫ్ జనాలది. 1989లో సెనెగల్‌తో గొడవ ముదిరినప్పుడు వాళ్ళలో వేలాదిమందిని నది అవతలికి తరిమేశారు. సైన్యంలో ఉన్న నల్లవారిని పట్టి చంపారు. 1990లో సరిగ్గా స్వాతంత్ర్య దినం నాడు ఇనాల్ అనే చోట 28 మందిని ఉరితీశారు. దాని మీద విచారణ లేకుండా 1993లో క్షమాభిక్ష చట్టం చేశారు. ప్రతిపక్షం ఎందుకు ఒక్కటి కాదని అడిగేముందు ఇవి గుర్తుపెట్టుకోవాలి. అందరికీ సర్కారు మీద కోపమే, కానీ ఎవరి కోపం వాళ్ళది.

సముద్రపు_కాకి

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నేను మర్చంట్ నేవీలో ఇరవై రెండేళ్ళు పనిచేసి ఇప్పుడు భీమిలిలో ఉంటున్నాను. మౌరిటానియా ఉత్తరాన నువాధిబు అనే రేవుంది. ఇనుప ఖనిజం లోడింగ్‌కి అక్కడికి నాలుగుసార్లు వెళ్ళాను. అందులో ఒకటి 2009 జూలై.

ఆ రైలు చూడాలండీ. జువెరాత్ గనుల నుంచి ఏడువందల కిలోమీటర్లు ఎడారిలో వస్తుంది. రెండు కిలోమీటర్ల పైన పొడుగు. ఖనిజం గుట్టల మీద మనుషులు, మేకలు, మూటలు. ముందు ఇంజన్ కనిపిస్తుంది, తర్వాత మనం టీ తాగి, సిగరెట్ కాల్చి, ఇంకో టీ తాగినా చివరి పెట్టె రాదు.

ఎన్నికల ప్రచారం అంటే మనలా గోడ రాతలు, మైకు ఆటోలు అనుకున్నాను. అక్కడ డేరాలు. రోడ్డు పక్కన, ఖాళీ స్థలాల్లో పెద్ద పెద్ద డేరాలు వేసి తివాచీలు పరుస్తారు. రాత్రి చల్లబడ్డాక పాటలు, పుదీనా టీ. టీ అంటే ఒక్క గ్లాసుతో వదలరు, మూడు గ్లాసులు తాగాలి. ఏ డేరాలోకి వెళ్ళినా ఇచ్చారు. ఓటు లేని తెలుగువాడినని చెప్పినా ఇచ్చారు.

అజీజ్ డేరాలు ఎక్కువగా కనిపించాయి. "పేదల అధ్యక్షుడు" అని ఆయన ప్రచారం. రేవు కూలీల్లో ఆయన్ని నిజంగా ఇష్టపడినవాళ్ళు ఉన్నారు, ఆ మాట దాచను.

మిర్చిబజ్జీ

కాకి అన్నా, ఇది కదా నాకు కావలసిన సాక్ష్యం. అజీజ్‌ని జనం కావాలనుకున్నారు. ఇంకో పాయింటు. 2009 ఎన్నిక ముందు సెనెగల్ అధ్యక్షుడు వాద్ మధ్యవర్తిగా డాకర్ ఒప్పందం జరిగింది. దాని ప్రకారం ఉమ్మడి ప్రభుత్వం ఏర్పడింది. హోం శాఖ ఎవరికి ఇచ్చారు? ప్రతిపక్షానికి! ఎన్నిక నడిపే శాఖ మీ చేతిలో పెట్టుకుని ఓడిపోయి రిగ్గింగ్ అంటే ఎవరు నమ్ముతారు?

గట్టు_సూరి

ఇది నాకు తెలియదు. మంచి ప్రశ్నే.

పాతపేపర్ల_మూర్తి

బజ్జీ తమ్ముడూ, హోం శాఖ ఇచ్చిన మాట నిజం. మిగతాది కూడా చెప్పు మరి. ఒప్పందం మీద సంతకాలు జూన్ మొదట్లో. సిదీ చేత రాజీనామా పెట్టించి ఉమ్మడి ప్రభుత్వం కూర్చునేసరికి జూన్ నెలాఖరు. పోలింగ్ జూలై 18. మూడు వారాల్లో ఆ మంత్రి ఏం చూడగలడు? కలెక్టర్లు, అధికారులు, పోలీసులు అందరూ పదకొండు నెలలుగా అజీజ్ పెట్టుకున్నవాళ్ళే. పెళ్ళిపీటల మీద కూర్చున్నాక వంట చూసుకోమని చెప్పినట్టుంది. ఫలితాలు వచ్చాక ఎన్నికల సంఘం అధ్యక్షుడే తనకి అనుమానాలున్నాయని రాజీనామా చేశాడు. మెసూద్‌కి 16, దద్దాకి 14 శాతం చూపించారు. రెండేళ్ళ ముందు 47 తెచ్చుకున్న మనిషికి 14.

మిర్చిబజ్జీ

47 రెండో రౌండులోది మూర్తి గారూ. మొదటి రౌండులో ఆయనకి 21. పోల్చితే 21తో 14 పోల్చాలి.

పాతపేపర్ల_మూర్తి

ఒప్పుకుంటున్నాను. నేను తప్పు పోల్చాను.

గట్టు_సూరి

దద్దాకి ఆ ఏడు శాతం ఎందుకు తగ్గిందో నాకు ఒక ఊహ ఉంది. 2008లో సిదీని దించినప్పుడు ఏం జరిగిందో చూస్తే అర్థమవుతుంది.

సిదీ మీద సొంత పార్టీవాళ్ళే తిరగబడ్డారు. ప్రతిపక్షాల్లో కొందరిని మంత్రివర్గంలోకి తీసుకోవడం, తాయా కాలపు మనుషులకి పదవులివ్వడం చాలామందికి నచ్చలేదు. జూలైలో అవిశ్వాసం అన్నారు. ఆగస్టు మొదట్లో 48 మంది ఎంపీలు, సెనేటర్లు పార్టీ వదిలారు. వెనక నుంచి నడిపిస్తోంది జనరళ్ళేనని సిదీ గ్రహించాడు. ఆగస్టు 6 తెల్లవారుజామున అజీజ్‌నీ, గజ్వానీనీ పదవుల నుంచి తొలగిస్తూ ఆదేశం చదివించాడు. కొన్ని గంటల్లో ఆయన్నే ఎత్తుకెళ్ళారు. ఆఫ్రికా యూనియన్ సభ్యత్వం సస్పెండ్ చేసింది.

అప్పుడు దేశంలో అతిపెద్ద ప్రతిపక్ష నాయకుడు దద్దా ఏం చెయ్యాలి? మెసూద్ సిదీ పక్కన నిలబడ్డాడు. పార్టీలు కొన్ని కలిసి ప్రజాస్వామ్య రక్షణ కూటమి పెట్టాయి. దద్దా మాత్రం మొదట్లో సైన్యం చేసింది అర్థం చేసుకోదగ్గదే అన్నట్టు మాట్లాడాడు. అజీజ్ దాన్ని "దిద్దుబాటు" అని పిలిచాడు. దద్దాకి ఆ దిద్దుబాటులో తనకో చోటు కనిపించిందేమో. అజీజే అధ్యక్ష పదవికి పోటీ చేస్తాడని తేలాక ఎదురు తిరిగాడు. అప్పటికి ఆలస్యమైంది. రిగ్గింగ్ జరిగిందో లేదో పక్కన పెట్టండి, ఆయన ఓటర్లు ఈ తికమకని చూశారు కదా.

జొన్నరొట్టె

తనని ఓడించినవాణ్ణి ఎవరో దించితే లోపల్లోపల సంతోషం. మనిషికి సహజమే. కానీ పదిహేనేళ్ళు సైన్యంతో పోరాడినవాడికి ఇది కనిపించలేదంటే ఆశ్చర్యం.

మిర్చిబజ్జీ

ఆశ్చర్యం ఎందుకండీ. అక్కడ ప్రతిపక్షానికి రెండే దార్లు. ఒకటి ఓటు పెట్టె, ఇంకోటి బ్యారక్ గేటు. మొదటిది తెరుచుకోనప్పుడు రెండోదాని వైపు చూపు పోతుంది. 2003 జూన్‌లో సాలెహ్ ఉల్ద్ హన్నెన్నా అనే అధికారి తాయా మీద కుట్ర చేసి, రాజధాని వీధుల్లో ట్యాంకులతో పోరాడి ఓడిపోయాడు. జైలుకెళ్ళాడు. తర్వాత పార్టీ పెట్టి 2007లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 2003 నవంబర్ ఎన్నికలో తాయాకి గట్టి పోటీ ఇచ్చిందెవరు? 1984లో తాయా దించిన హైదల్లానే! అక్కడ మాజీ సైనికులూ, ప్రతిపక్షమూ అని గీత గీయలేం.

పాతపేపర్ల_మూర్తి

హైదల్లాని ఆ ఎన్నికలో పోలింగ్‌కి ముందు రోజు ఒకసారి పట్టుకెళ్ళి వదిలారు, అయ్యాక మళ్ళీ పట్టుకెళ్ళారు. అభ్యర్థిగా ఉన్నందుకు దక్కిన మర్యాద.

నల్లేరు

ఒక సందేహం. ఇంత అన్యాయం జరుగుతుంటే ఎన్నికలు బహిష్కరించొచ్చు కదా? ఎవరూ లేకపోతే గెలిచినా పరువు ఉండదు.

పాతపేపర్ల_మూర్తి

బహిష్కరించారు నల్లేరు గారూ, ఒకసారి కాదు. 1992 అధ్యక్ష ఎన్నికలో దద్దా మూడో వంతు ఓట్లు తెచ్చుకుని, మోసం జరిగిందని ఆ వెంటనే వచ్చిన పార్లమెంటు ఎన్నికలు వదిలేశాడు. 1997 అధ్యక్ష ఎన్నిక వదిలేశారు, తాయాకి తొంభై శాతం. 2013లో పార్లమెంటు, స్థానిక సంస్థల ఎన్నికలు రెండూ కలిపి జరిగితే ప్రతిపక్ష కూటమిలో ఒక్క తవాసుల్ పార్టీ తప్ప అందరూ వదిలేశారు. 2014 అధ్యక్ష ఎన్నిక వదిలేశారు, అజీజ్‌కి 82 శాతం. పరువు పోయిందని ఏ ఒక్కడూ కుర్చీ దిగలేదు. అలిగి పస్తుంటే మన కడుపే మాడుతుంది, వండినవాళ్ళు శుభ్రంగా తిన్నారు.

గట్టు_సూరి

2013 దగ్గర కాస్త ఆగుదాం, నా ప్రశ్నకి జవాబు అక్కడే దొరికిందనిపిస్తోంది.

మౌరిటానియాలో అధ్యక్ష పదవికి నామినేషన్ వెయ్యాలంటే వంద మంది మున్సిపల్ కౌన్సిలర్ల సంతకాలు కావాలి, వాళ్ళలో ఐదుగురు మేయర్లు ఉండాలి. కౌన్సిలర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? స్థానిక ఎన్నికల నుంచి. మీరు స్థానిక ఎన్నికలు బహిష్కరిస్తే మీకు కౌన్సిలర్లు ఉండరు. తర్వాత అధ్యక్ష ఎన్నికకి మీ అభ్యర్థి సంతకాల కోసం అధికార పార్టీ కౌన్సిలర్ల గడప తొక్కాలి. అంటే నామీద ఎవరు పోటీ చెయ్యాలో కొంతవరకు నేనే చూసుకునే ఏర్పాటు.

తవాసుల్ పార్టీ ఇస్లామిస్టులది, 2013లో కూటమి మాట కాదని పోటీ చేసింది. పదహారు సీట్లు తెచ్చుకుని అసెంబ్లీలో ప్రతిపక్షాల్లో పెద్ద పార్టీ అయింది. మిగతా ప్రతిపక్షం వాళ్ళని తిట్టిపోసింది. ఇప్పుడు చూస్తే దద్దా పార్టీకి 2023 ఎన్నికల్లో అసెంబ్లీలో ఒక్క సీటు లేదు. 176 సీట్లలో అధికార పక్షం ఇన్సాఫ్‌కి 107. (పేరు చూడండి, ఇన్సాఫ్! పాతబస్తీలో ఎవరినడిగినా అర్థం చెప్తారు.)

మిర్చిబజ్జీ

సంతకాల రూల్ దెబ్బ ఎవరికి తగిలిందో చూశారా? 2024లో సాక్షాత్తూ మాజీ అధ్యక్షుడు అజీజ్ నామినేషన్ వేస్తే సంతకాలు చాలక తిరస్కరించారు. తను ఏలిన పదేళ్ళలో ఆ రూలుని ముద్దుగా చూసుకున్న మనిషి. కంచె ఎప్పుడూ పక్కవాడి చేనుకే అనుకున్నాడు.

జొన్నరొట్టె

అజీజ్ కథ ఏమైంది చివరికి? స్నేహితుడికే కుర్చీ ఇచ్చాడు కదా.

పాతపేపర్ల_మూర్తి

ఇద్దరూ మొరాకోలో మెక్నెస్ సైనిక అకాడమీలో కలిసి చదువుకున్నవాళ్ళు. 2005లో, 2008లో పక్కపక్కన ఉన్నవాళ్ళు. 2019లో రెండు పదవీకాలాలు అయ్యాక అజీజ్ దిగి, గజ్వానీని ముందుకి తెచ్చాడు. ఒక ఎన్నికైన అధ్యక్షుడు ఇంకో ఎన్నికైన అధ్యక్షుడికి పదవి అప్పగించడం ఆ దేశంలో అదే మొదలు అని ప్రపంచం మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను, అబద్ధం ఎందుకు.

నవంబర్ వచ్చేసరికి పార్టీ ఎవరిదనే దగ్గర చెడింది. 2020లో పార్లమెంటు సంఘం అజీజ్ కాలపు ఒప్పందాలు, భూములు తవ్వింది. 2021లో కేసు, జైలు. 2023 డిసెంబర్‌లో ఐదేళ్ళ శిక్ష. 2025 మేలో అప్పీలు కోర్టు దాన్ని పదిహేనేళ్ళు చేసింది. ఇంతమంది ప్రతిపక్ష నాయకులు ముప్పై ఏళ్ళు ప్రయత్నించి చెయ్యలేని పని ఒక్క దోస్తు చేశాడు.

సముద్రపు_కాకి

మూర్తి గారి చివరి వాక్యం చదివి గట్టిగా నవ్వేశాను. మా ఆవిడ ఏమైందని అడిగింది.

జొన్నరొట్టె

బిరామ్ గురించి ఎవరూ చెప్పట్లేదేంటి? నాకు ఈ దేశం గురించి తెలిసిందే ఆయన వల్ల. బిరామ్ దాహ్ అబీద్, హరాతీన్, బానిసత్వం మీద పోరాడే ఇరా సంస్థ ఆయనది. 2012లో బానిసత్వాన్ని సమర్థించే పాత ధర్మశాస్త్ర గ్రంథాలను అందరి ముందు తగలబెట్టి జైలుకెళ్ళాడు. దేశమంతా మండిపడింది. 2013లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల బహుమతి. 2014 అధ్యక్ష ఎన్నిక పెద్దలంతా బహిష్కరిస్తే ఈయన పోటీ చేశాడు, 8 శాతం పైన. ఆ ఏడాది చివర్లో మళ్ళీ జైలు. 2018లో జైల్లో ఉండగానే ఎంపీగా గెలిచాడు. 2019లో 18.6 శాతంతో రెండోస్థానం. 2024లో 22 శాతంతో మళ్ళీ రెండోస్థానం.

అంటే పదేళ్ళలో 8 నుంచి 22. పస్తులున్న పెద్దల ఓట్లు, కూర్చుని తిన్న ఈయనకి చేరాయి. బహిష్కరణ వల్ల ఏం లాభం అన్న ప్రశ్నకి ఇది కూడా ఒక జవాబు.

గట్టు_సూరి

భలే చెప్పారు. నిజానికి నేను ప్రశ్న తప్పు అడిగాను. ప్రతిపక్షం అంటే దద్దా అనుకుని అడిగాను.

మిర్చిబజ్జీ

బిరామ్ మీద నాకు గౌరవం ఉంది కానీ ఆయన చుట్టూ కూటమి ఎందుకు కట్టలేకపోతున్నారో చెప్పండి. 2019లో బిరామ్‌కి 18.6, తవాసుల్ బలపరిచిన మాజీ ప్రధాని బూబకర్‌కి 17.9, నది ఒడ్డు జనం మద్దతున్న కాన్ హమీదు బాబాకి 8.7. మొత్తం 45. గజ్వానీని 50 కిందకి తెచ్చేందుకు ఇంకా చాలదు, కానీ దగ్గర్లోకి వచ్చారు. 2024లో బిరామ్‌కి 22, తవాసుల్ హమాదీకి దాదాపు 13. వీళ్ళు రెండో రౌండుకి వెళ్తే ఒకరికొకరు ఓటేస్తారా? గ్రంథాలు కాల్చినాయనకి ఇస్లామిస్టులు? నాకు నమ్మకం లేదు.

జొన్నరొట్టె

నాకూ లేదు. కానీ ఆ పరీక్ష ఒక్కసారైనా జరగనివ్వాలి కదా. రెండో రౌండు అంటేనే మొదటి రౌండులో విడిపోయినవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే రెండు వారాలు. 2007లో మెసూద్ స్పీకర్ అయ్యింది ఆ రెండు వారాల బేరంలోనే. ఆ రెండు వారాలు ఉండకుండా చూసుకోవడమే అధికారంలో ఉన్నవాళ్ళ అసలు పని అని నా అనుమానం. గెలవడం ఒక్కటే అయితే రెండో రౌండులో కూడా గెలవొచ్చుగా.

పాతపేపర్ల_మూర్తి

అమ్మాయీ, ఈ చర్చలో నాకు నచ్చిన మాట ఇదే.

ఫలితాల తర్వాత ఏం జరుగుతుందో కూడా ఒక మాట. 2019లో నిరసనలు, అరెస్టులు, ఇంటర్నెట్ కట్. 2024లో నది ఒడ్డున కయేది పట్టణంలో నిరసనకారులు ముగ్గురు చనిపోయారు, మొబైల్ ఇంటర్నెట్ మళ్ళీ కట్. బిరామ్ ఫలితం ఒప్పుకోలేదు, రాజ్యాంగ మండలి ఖాయం చేసింది, అక్కడితో అయిపోయింది. ఆ ఏడాదే గజ్వానీ ఆఫ్రికా యూనియన్‌కి అధ్యక్షుడు. 2008లో ఏ సంస్థ ఆ దేశాన్ని బయట నిలబెట్టిందో ఆ సంస్థకే.

నల్లేరు

ఆ అక్టోబర్‌లోనే మన రాష్ట్రపతి ముర్ము గారు అక్కడికి వెళ్ళారు! అప్పుడు వార్త చూసి మారిషస్ అనుకున్నాను. ఇప్పుడర్థమైంది.

నిర్వాహకుడు

మధ్యలో ఇద్దరు సభ్యులు ఈ చర్చని మన రాష్ట్ర రాజకీయాల వైపు లాగుతూ పెట్టిన వ్యాఖ్యలు తొలగించాను. దానికి వేరే విభాగం ఉంది. చర్చ చాలా బాగా నడుస్తోంది, ఇలాగే సాగనివ్వండి.

మిర్చిబజ్జీ

ఆ ఇద్దర్లో ఒకణ్ణి నేనే. సారీ.

గట్టు_సూరి

గజ్వానీకి ఇది రెండో పదవీకాలం, 2029 దాకా. రాజ్యాంగం ప్రకారం మూడోది లేదు. ఆ రూలు కదిలిస్తారేమోనని ప్రతిపక్షం భయం. 2017లో అజీజ్ రాజ్యాంగ సవరణ తెస్తే సెనేట్ కొట్టేసింది, ఆయన నేరుగా రెఫరెండం పెట్టి సెనేట్‌నే రద్దు చేశాడు. జెండాకి రెండు ఎర్ర పట్టీలు కూడా అప్పుడే వచ్చాయి. కాబట్టి భయం ఊరికే పుట్టింది కాదు. అయితే పదవీకాలాల రూలు జోలికి అజీజ్ కూడా వెళ్ళలేదు.

కాకి అన్నా, ఒక్కటి అడగాలి. 2009 పోలింగ్ రోజు మీరు అక్కడే ఉన్నారా?

సముద్రపు_కాకి

ఉన్నాను. శనివారం. లోడింగ్ ఆపారు, కూలీలంతా ఓటుకి వెళ్ళారు. మా ఓడలో సరుకు లెక్క రాసే కుర్రాడు ఒకడు, హరాతీన్. పొద్దున్నే ఇస్త్రీ చేసిన తెల్ల దర్రా వేసుకుని వచ్చి, ఓటేసి వస్తానని చెప్పి వెళ్ళాడు. దర్రా అంటే అక్కడి మగవాళ్ళు వేసుకునే పెద్ద అంగీ, గాలికి తెరచాపలా ఉబ్బుతుంది.

సాయంత్రం వచ్చి మెసూద్‌కి వేశానన్నాడు. రెండో రౌండులో మళ్ళీ వెయ్యాలి, అప్పుడు ఇంకో రోజు సెలవు దొరుకుతుంది అని నవ్వాడు. ఆదివారం రాత్రి రేడియోలో లెక్కలు వస్తుంటే మా వంటవాడు, నేను, ఆ కుర్రాడు డెక్ మీద కూర్చుని విన్నాం. అంకెలు ఫ్రెంచ్‌లో చెప్తుంటే నాకు అర్థమయ్యేవి కావు. వాడి ముఖం చూస్తే తెలిసిపోయింది.

సోమవారం మామూలుగానే లోడింగ్ మొదలైంది. వాడు పుస్తకం పట్టుకుని వచ్చి లెక్క రాసుకున్నాడు. ఈసారి దర్రా లేదు, పాత ప్యాంటు.